మందు మానినందుకా, మందు వేసినందుకా?

మా చిన్న మావయ్య ఇంటి ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టే అరలో ఒక నెలపాటు గుడ్లు లేవు. ఒక్కొక్కటీ 300 మైక్రోగ్రాముల చిన్న గాజు సీసాలు అక్కడ వరుసగా నిలబెట్టి ఉండేవి. మావయ్యకు సిర్రోసిస్, అంటే లివర్ మచ్చ కట్టి గట్టిపడే జబ్బు. దానికోసం రాసిన ఇంజెక్షన్లు అవి. హైదరాబాదులోని ఒక ఆస్పత్రి నుంచి థర్మకోల్ డబ్బాలో, ఐసు సంచుల మధ్య, ఒళ్ళో పెట్టుకొని బస్సులో తెచ్చుకున్నారు. మొదటి ఐదు రోజులు రోజుకొకటి, ఆ తరవాత మూడు రోజులకొకటి, నెల తిరిగేసరికి మొత్తం పన్నెండు. ఊళ్ళో ఉన్న ఆర్ఎంపీ పొద్దున్నే వచ్చి జబ్బ దగ్గర చర్మం కింద పొడిచి వెళ్ళేవాడు. "ఇది వేస్తే లివర్ మళ్ళీ పెరుగుతుందట, అమ్మాయీ. మచ్చ కూడా కరిగిపోతుందని చెప్పారు" అని మావయ్య ఫోనులో చెప్పినప్పుడు ఆయన గొంతులో చాలా నెలల తరవాత ఉత్సాహం వినిపించింది.

మూడు నెలలకు ఆ ఉత్సాహానికి కాగితాల మీద ఆధారం కూడా దొరికింది. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే బిలిరుబిన్ ఆరు దాటి ఉన్నది రెండుకు దిగింది. పొట్టలో నీరు తీయించవలసిన అవసరం తప్పింది. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ 41 నుంచి 27కు వచ్చింది. అత్తయ్య ఆ రిపోర్టును దేవుడి పటం ముందు పెట్టి, ఇంజెక్షన్ రాసిన డాక్టరుగారి పేరుమీద గుళ్ళో అర్చన చేయించింది.

ఆ పూట ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. మొదటి ఇంజెక్షన్‌కు పదకొండు రోజుల ముందు, నోట్లోంచి రక్తం పడి ఆస్పత్రిలో చేరిన రాత్రి నుంచి, మావయ్య మందు ముట్టలేదు. ఇరవై రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం క్వార్టర్ సీసా లేనిదే అన్నం ముందు కూర్చోని మనిషి ఒక్క రాత్రిలో మానేశాడు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట ఉండటం ఇక్కడ పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఆయన బాగుపడింది మందు మానినందుకా, మందు వేసినందుకా? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్న. ఇరవై ఆరేళ్ళు డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పిన అలవాటువల్ల, ఇంట్లో వాళ్ళకు చాదస్తంగా తోచినా, నేను ఆ ప్రశ్నను వదలలేకపోయాను.

ఆ సీసాల్లో ఉన్నది జీ-సీఎస్‌ఎఫ్ అనే ప్రొటీన్. మన శరీరమే తయారు చేసుకొనే పదార్థమిది. ఎముకల మూలుగలో తెల్ల రక్తకణాలను పెంచమని చెప్పే సందేశం. దీన్ని కృత్రిమంగా తయారుచేసిన ఫిల్‌గ్రాస్టిమ్‌కు అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు పడిపోయిన క్యాన్సర్ రోగులకు అది ప్రాణాధారం, అందులో వివాదమేమీ లేదు. మూలుగలో కొత్త కణాలను పుట్టించే మూలకణాలను రక్తంలోకి రప్పించే గుణం కూడా దీనికి ఉంది కాబట్టి, మూలుగ మార్పిడికి కణాలు ఇచ్చే దాతలకూ దీన్ని ఇస్తారు. అలా రక్తంలోకి వచ్చిన కణాలు లివర్‌కు చేరి అక్కడ మరమ్మతు చేస్తాయేమో, లేదా లివర్‌లోనే ఉన్న మూలకణాలు ఈ సందేశం విని మేలుకొంటాయేమో అన్న ఆశతోనే లివర్ వైద్యులు దీన్ని అందుకున్నారు. ఆశ పడటంలో తప్పు లేదు. ఆశ ఎక్కడ ఆగి రుజువు ఎక్కడ మొదలవుతుందన్నదే చూడవలసిన విషయం.

"పునరుజ్జీవన ప్రొటీన్" అన్న మాట వినగానే మనసు లొంగిపోవడానికి బలమైన కారణం ఉంది. మిగిలిన అవయవాల సంగతి ఎలా ఉన్నా, లివర్ నిజంగానే పెరుగుతుంది. హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు 1931లో ఎలుక లివర్‌లో మూడింట రెండు వంతులు కోసేసి చూపించిన ప్రయోగం నేటికీ ఎన్నో ప్రయోగశాలల్లో నడుస్తోంది. మిగిలిన ఒక వంతు కొద్ది రోజుల్లోనే దాదాపు పూర్వపు బరువుకు పెరుగుతుంది. తండ్రికి లివర్‌లో కుడి భాగం ఇచ్చిన కొడుకు కొన్ని నెలలకు మళ్ళీ పనిలోకి వెళ్ళగలుగుతున్నాడంటే కారణం అదే. ఈ పెరుగుదలకు రక్తంలో ఏదో సంకేతం తిరుగుతూ ఉండాలన్న ఊహతో, లివర్ కోసిన ఎలుకల రక్తం నుంచి జపాన్ శాస్త్రవేత్త తోషికాజు నకమురా బృందం 1984లో ఒక ప్రొటీన్‌ను వేరుచేసింది. 1989లో దాని జన్యువు కూడా చేతికి చిక్కింది. దానికి హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. లివర్ కణాన్ని పెంచేది అని అర్థం. హెచ్‌జీఎఫ్ అని పిలుస్తారు.

లివర్ మచ్చకు ప్రొటీన్ వైద్యం అన్న ఆలోచనకు అసలైన ఊపిరి పోసింది ఈ హెచ్‌జీఎఫే. 1999లో జపాన్ పరిశోధకులు డైమిథైల్ నైట్రోసమైన్ అనే విషమిచ్చి ఎలుకలకు సిర్రోసిస్ తెప్పించి, హెచ్‌జీఎఫ్ జన్యువును వాటి కండరాల్లోకి పదే పదే ఎక్కించారు. కండరం ఆ ప్రొటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదిలింది. మచ్చ కట్టించే టీజీఎఫ్-బీటా అనే మరో ప్రొటీన్ అణగింది, పేరుకున్న పీచు కరిగింది, చికిత్స అందని ఎలుకలు చనిపోతుండగా అందినవి బతికాయి. ఆ పత్రాన్ని మొదటిసారి చదివిన రోజు నాకు గుర్తుంది. క్లాసులో పిల్లలకు చెబుతూ, ఇంకో పదేళ్ళలో ఇది మనుషుల మందు అవుతుందని నమ్మకంగా అనేశాను. ఆ మాట విన్న పిల్లలకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. వాళ్ళలో ఎవరికైనా లివర్ జబ్బు వస్తే వాడటానికి హెచ్‌జీఎఫ్ మందు ఈనాటికీ అంగట్లో లేదు.

ఎందుకు లేదన్నదాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఈ విషయం మొత్తంలో పాఠ్యపుస్తకం మనకు సరిగా చెప్పని భాగం అదే.

మొదట మచ్చ ఎలా పడుతుందో చూద్దాం. లివర్‌లో కణాల వరసలకూ సన్నని రక్తనాళాలకూ మధ్య ఇరుకైన సందు ఒకటుంటుంది. అందులో నక్షత్రాకార కణాలు కాపురముంటాయి. 1876లో కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని గుర్తించాడు. మామూలు రోజుల్లో ఇవి విటమిన్-ఎ నిండిన కొవ్వు చుక్కలను దాచుకొని నెమ్మదిగా పడి ఉంటాయి. సారాయో, హెపటైటిస్ వైరస్సో, పేరుకున్న కొవ్వో చుట్టుపక్కల కణాలను చంపడం మొదలుపెడితే ఇవి నిద్ర లేచి, విటమిన్ నిల్వను పారబోసి, కొల్లాజెన్ అనే పీచును నేయడానికి పూనుకుంటాయి. చేతి మీద గాయానికి పక్కు కట్టినట్టే ఇది కూడా మేలు కోసం జరిగే పనే. అయితే చేతి గాయం ఒక్కసారి తగిలి ఊరుకుంటుంది, సారాయి గాయం రోజూ సాయంత్రం తగులుతుంది. ఏళ్ళ తరబడి పక్కు మీద పక్కు పడి, ఆ పీచు గోడలు లివర్‌ను చిన్న చిన్న గదులుగా విడగొడతాయి.

ఇక అసలు కీలకం. సిర్రోసిస్ అంటే కేవలం మచ్చ కాదు. సూక్ష్మదర్శిని కింద సిర్రోసిస్ అని రాయాలంటే పీచు గోడలతోపాటు ఆ గోడల మధ్య ఉబ్బెత్తుగా పెరిగిన కణుపులు కూడా కనబడాలి. ఆ కణుపులు ఏమిటి? మళ్ళీ పెరుగుతున్న లివరే. అంటే సిర్రోసిస్ ముదిరిన లివర్ పెరగడం మరిచిపోయిన లివర్ కాదు, బోనులో పెరుగుతున్న లివర్. పెరుగుతుంది కానీ రక్తం దారి తప్పుతుంది, పేగుల నుంచి వచ్చే రక్తం లోపలికి పోలేక వెనక్కి తన్ని అన్నవాహికలో నాళాలను ఉబ్బిస్తుంది. అందుకే మావయ్య నోట్లోంచి రక్తం పడింది. పైగా లివర్ జబ్బు ముదిరినవాళ్ళ రక్తంలో హెచ్‌జీఎఫ్ మామూలు మనుషుల్లో కంటే ఎక్కువే ఉంటుందని ఎప్పటినుంచో తెలుసు. శరీరం అప్పటికే గొంతు చించుకొని పెరగమని అరుస్తోందన్న మాట. అదే అరుపును మనం సీసాలో పట్టి పోస్తే లాభం ఎంత అన్నది అడగవలసిన ప్రశ్న. కొన్నేళ్ళపాటు పదే పదే చచ్చి పుట్టిన లివర్ కణాలు ఇక విభజన చెందలేని ముసలితనానికి చేరుకుంటాయని కూడా పరిశోధనలు చూపాయి. అరుపు వినబడనివారికి ఒకసారి బిగ్గరగా చెప్పవచ్చు, లేవలేనివారికి ఎంత బిగ్గరగా చెప్పినా ఏం ప్రయోజనం?

ఎలుకకూ మనిషికీ తేడా ఇక్కడే. ఎలుకకు కొద్ది వారాల్లో తెప్పించిన మచ్చ పచ్చి మచ్చ. విషం ఆపితే అది చాలావరకు తనంతట తానే కరుగుతుంది. మనిషి మచ్చకు ఇరవై ఏళ్ళ వయసు ఉంటుంది. కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డ ముడులు పడి, ఎలాస్టిన్ కూడా చేరి, కరిగించే ఎంజైములకు లొంగని స్థితికి వచ్చి ఉంటుంది. నిన్న పోసిన సిమెంటును గోరుతో గీరవచ్చు, ఇరవై ఏళ్ళ క్రితం పోసినదాన్ని గీరలేం. హెచ్‌జీఎఫ్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రక్తంలో అది నిమిషాల్లో మాయమవుతుంది. అది వెళ్ళి తగులుకొనే మెట్ అనే గ్రాహకం క్యాన్సర్ కథల్లో బాగా పేరు మోసినది. సిర్రోసిస్ ఉన్నవాడికి లివర్ క్యాన్సర్ ముప్పు ముందే ఉంటుంది. అలాంటివాడికి నెలల తరబడి పెరుగుదల ప్రొటీన్ ఎక్కించడానికి ఏ వైద్యుడైనా తటపటాయించడం సహజం. జపాన్‌లో లివర్ రోగులకు దీన్ని ఇచ్చిన తొలి ప్రయత్నం కూడా సిర్రోసిస్‌లో కాదు, ఉన్నట్టుండి లివర్ చతికిలపడే తీవ్ర హెపటైటిస్‌లో, అదీ నలుగురంటే నలుగురికి, ప్రాణానికి ప్రమాదం లేదని చూసుకోవడానికి.

నా వాదనకు ముఖ్యమైన అంకె ఈ ప్రొటీన్లలో దేనిదీ కాదు. హెపటైటిస్-బి రోగులకు టెనొఫొవిర్ అనే వైరస్ మాత్రను ఐదేళ్ళు ఇచ్చి, మొదట ఒకసారీ చివర ఒకసారీ లివర్ ముక్క తీసి చూసిన ఫలితాలు 2013లో వచ్చాయి. రెండుసార్లూ ముక్క తీసిన 348 మందిలో మొదట సిర్రోసిస్ ఉన్నవారు 96 మంది. ఐదేళ్ళ తరవాత వారిలో 71 మందికి సిర్రోసిస్ లేదు. ఆ మాత్రకు లివర్‌ను పెంచే గుణమేమీ లేదు, మచ్చను కరిగించే గుణమూ లేదు. అది వైరస్‌ను అణచింది, అంతే. కత్తి తీసేస్తే గాయం మానింది. సిర్రోసిస్ వెనక్కి తిరగదని నేను చదువుకున్న పుస్తకం చెప్పింది. నేనూ పిల్లలకు అదే చెప్పాను. 71 మంది ఆ పాఠాన్ని కొట్టేశారు.

దీన్నిబట్టి, మచ్చ మీద ప్రొటీన్‌ను పరీక్షించేవాళ్ళకు పని ఎంత కష్టమో ఆలోచించండి. పరీక్షలో చేరే ప్రతి రోగీ దాదాపుగా అదే వారంలో ఇంకేదో కూడా మార్చుకుంటాడు. తాగుడు మానేస్తాడు, వైరస్ మాత్ర మొదలుపెడతాడు, ఉప్పు తగ్గిస్తాడు, నీరు తగ్గే బిళ్ళ సక్రమంగా వేసుకుంటాడు. లివర్ తనంతట తాను కోలుకొనే అవయవం కాబట్టి, ఏమీ ఇవ్వకపోయినా కొందరు బాగుపడతారు. ఆ బాగుపడటాన్ని ముందుగా కొలిచి పక్కన పెట్టకపోతే, చెరువు కింద వరి పండినందుకు దిష్టిబొమ్మకు దండం పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు మళ్ళీ మావయ్య సీసాల దగ్గరకు వద్దాం. జీ-సీఎస్‌ఎఫ్ కథలో మన దేశానికి పెద్ద పాత్రే ఉంది. ఢిల్లీ వైద్యులు 2012లో ప్రచురించిన పరీక్షలో, దీర్ఘకాలపు లివర్ జబ్బు మీద ఉన్నట్టుండి లివర్ కుప్పకూలిన 47 మందిని రెండుగా పంచి, 23 మందికి ఈ ప్రొటీన్ పన్నెండు మోతాదులు, 24 మందికి అసలు మందు లేని ఉత్తుత్తి సూది ఇచ్చారు. రెండు నెలలకు ప్రొటీన్ పొందినవారిలో 66 శాతం, పొందనివారిలో 26 శాతం బతికి ఉన్నట్టు లెక్క తేలింది. చండీగఢ్ వైద్యులు 2014లో సారాయి హెపటైటిస్ తీవ్రంగా ఉన్న 46 మందితో, ఉత్తుత్తి సూది లేకుండా, ఇలాంటిదే చేశారు. మూడు నెలలకు ఒకవైపు 78 శాతం, మరోవైపు 30 శాతం బతికారు. 2015లో ఢిల్లీ నుంచే వచ్చిన ఇంకో పరీక్షలో, సిర్రోసిస్ ముదిరినవారికి దీనితోపాటు రక్తం పెంచే మరో ప్రొటీన్‌ను కూడా కలిపి ఇస్తే ఏడాది తరవాత బతికినవారు రెండింతలు మించారు. ఈ అంకెలు చూసిన ఏ వైద్యుడికైనా చేయి ఊరుకోదు. లివర్ మార్పిడికి లక్షలు కావాలి, దాత కావాలి, అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు రాయించుకొని వరస వచ్చేదాకా బతకాలి. ఎదురుగా ఉన్న మనిషికి రెండు నెలల ఆయుష్షు లేదు. క్యాన్సర్ వార్డులో రోజూ వాడే మందు, ఖరీదు కూడా మరీ భరించలేనిది కాదు. ఆ వైద్యుల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. పైగా ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు వేసి తేల్చుకొని, లెక్క రాసి ప్రచురించినవారు వాళ్ళు. చేయవలసిన పని చేశారు.

అయితే ఆ తరవాత ఐరోపాలో పెద్ద పరీక్షలు జరిగాయి. బ్రిటన్‌లో 12 ఆస్పత్రులు కలిసి 81 మంది సిర్రోసిస్ రోగులతో చేసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. కొందరికి మామూలు వైద్యం, కొందరికి జీ-సీఎస్‌ఎఫ్, కొందరికి దానితోపాటు వారి సొంత మూలకణాలనే తీసి తిరిగి ఎక్కించడం. మూడు నెలలకు లివర్ పనితీరులో తేడా లేదు. మూలకణాలు కూడా ఎక్కించిన గుంపులో తీవ్రమైన ఇబ్బందులు మాత్రం ఎక్కువయ్యాయి. జర్మనీలో 176 మందితో, ఢిల్లీ రోగులవంటివారితోనే, చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. మార్పిడి లేకుండా మూడు నెలలు బతికినవారు ప్రొటీన్ గుంపులో 34 శాతం, మామూలు వైద్యం గుంపులో 37 శాతం. ఇక లాభం లేదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఇవి రెండూ ఎవరికి ఏమి ఇస్తున్నారో తెలిసే జరిగిన పరీక్షలు. అలా తెలిసి జరిగినప్పుడు తక్కెడ సాధారణంగా కొత్త మందు వైపే మొగ్గుతుంది. మొగ్గే వీలుండి కూడా మొగ్గలేదు. 2023లో ఐరోపా లివర్ వైద్యుల సంఘం ఇలాంటి రోగులకు దీన్ని వాడవద్దనే చెప్పింది.

మన దేశపు రోగులు వేరు, వాళ్ళ రోగులు వేరు అని ఇక్కడ కొందరు అంటారు. నిజమే కావచ్చు. మనవారు చిన్నవయసువారు, వాళ్ళవారు పెద్దవారు. జబ్బుకు కారణాలూ, ఆస్పత్రికి వచ్చే దశా వేరుగా ఉంటాయి. కానీ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొకటి కనబడుతుంది. ఢిల్లీలో ప్రొటీన్ పొందని 24 మందిలో రెండు నెలలు బతికినవారు 26 శాతమే. జర్మనీలో పొందనివారు మూడు నెలలకు కూడా 37 శాతం బతికారు. ఇరవై నలుగురి గుంపులో ఇద్దరు ముగ్గురు అటు ఇటు అయితే శాతాలు బాగా మారిపోతాయి. చిన్న గుంపుల్లో కాకతాళీయమైన తేడా ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పడానికి నేను క్లాసులో పిల్లలచేత రూపాయి బిళ్ళలు ఎగరేయించేదాన్ని. ఇరవైసార్లు ఎగరేస్తే పద్నాలుగు బొమ్మలు పడటం వింతేమీ కాదు.

అయినా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది కాదు. ఢిల్లీ, చండీగఢ్ పరీక్షలు గెలిచాయనే అనుకుందాం. అవి చూపించింది చావు అంచున ఉన్నవారు కొన్ని వారాలో నెలలో ఎక్కువ బతకడం. బహుశా తెల్లకణాలు పెరిగి సూక్ష్మజీవుల దాడిని తట్టుకొని ఉంటారు. ఈ జబ్బులో చాలామందిని చంపేది ఇన్‌ఫెక్షనే కాబట్టి ఆ వివరణ సబబుగానే ఉంటుంది. ఆ పరీక్షల్లో ఎక్కడా మచ్చ కరిగిందని తేలలేదు. "బతికారు" అన్న మాట ఆస్పత్రి గుమ్మం దాటి మా మావయ్య చెవికి చేరేసరికి "మచ్చ కరుగుతుంది" అయింది. ఢిల్లీ పత్రం నుంచి తెనాలి దగ్గరి పల్లెలోని ఫ్రిజ్ దాకా సాగిన ప్రయాణంలో ఈ మాట ఎక్కడ మారిందో పట్టుకోవడం కష్టమేమీ కాదు. బిల్లు కట్టించే చోట మారింది.

మచ్చ కరిగిందని తెలుసుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సూదితో తీసే లివర్ ముక్క మొత్తం లివర్‌లో యాభై వేలో వంతు. పక్కనే ఇంకో అంగుళం దూరంలో గుచ్చితే వేరే మాట చెప్పవచ్చు. ఒకే ముక్కను ఇద్దరు నిపుణులు చూసి ఇద్దరూ వేర్వేరు దశలు రాయడమూ ఉంది. ఫైబ్రోస్కాన్ సంగతి ఇంకా చిత్రం. అది పక్కటెముకల మధ్య చిన్న తట్టు తట్టి, ఆ కదలిక లివర్‌లో ఎంత వేగంగా ప్రయాణించిందో చూసి గట్టిదనాన్ని లెక్కగడుతుంది. గట్టిదనానికి మచ్చ ఒక్కటే కారణం కాదు. వాపు ఉన్నా గట్టిగానే చూపిస్తుంది, తాగుడు ఆపిన కొద్ది వారాల్లో వాపు తగ్గగానే అంకె దిగుతుంది. తిన్న వెంటనే పేగుల నుంచి లివర్‌కు రక్తం పోటెత్తుతుంది కాబట్టి అప్పుడూ అంకె పెరుగుతుంది. అందుకే మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. మావయ్య రెండో స్కాన్‌కు నేను వెంట వెళ్ళాను. ప్రోబుకు జెల్ రాస్తున్న అమ్మాయి "టిఫిన్ చేశారా అండీ?" అని అడిగింది. మావయ్య గర్వంగా "లేదమ్మా, రాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు" అన్నాడు. బయటికి వచ్చాక మొదటిసారి కూడా ఇలాగే అడిగారా అని నేనంటే, "అప్పుడెవరూ అడగలేదు. కింద క్యాంటీన్‌లో నాలుగిడ్లీ తినే పైకెక్కాను" అన్నాడు. 41 నుంచి 27కు దిగిన అంకెలో నాలుగిడ్లీల వాటా ఎంత, వాపు వాటా ఎంత, మచ్చ వాటా ఎంత, పన్నెండు సీసాల వాటా ఎంత అన్నది ఆ కాగితం చెప్పలేదు. ఏ ఒక్క రోగి కాగితమూ చెప్పలేదు. అందుకే గుంపులు కావాలి, పోలిక కావాలి.

అలాంటి పోలిక సరిగా జరిగితే ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ ఈ మధ్యనే వచ్చింది. ఎఫ్రక్సిఫెర్మిన్ అనే మందు, మన శరీరంలోనే ఉండే ఎఫ్‌జీఎఫ్21 అనే ప్రొటీన్‌ను ఎక్కువసేపు నిలిచేలా మలిచినది. కొవ్వు వల్ల సిర్రోసిస్ వచ్చి ఇంకా పరిస్థితి విషమించని 181 మందిలో కొందరికి దీన్ని ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి సూది ఇచ్చారు, ముక్కలు తీసి చూశారు. 36 వారాలకు మచ్చ ఒక మెట్టు దిగినవారు పెద్ద మోతాదు గుంపులో 19 శాతం, ఉత్తుత్తి సూది గుంపులో 13 శాతం. గెలుపు కాదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆపకుండా 96 వారాల దాకా కొనసాగిస్తే 29 శాతం, 11 శాతం అయ్యాయి. కొంచెం వెలుగు కనబడింది కాబట్టి దాన్ని ఇంకా పెద్ద పరీక్షలకు తీసుకువెళుతున్నారు. నేను ఇక్కడ చూడమంటున్నది 29ని కాదు, 13నూ 11నూ. ఏమీ ఇవ్వని నూరు మందిలో పదిమందికి పైగా సూక్ష్మదర్శిని కింద బాగుపడ్డట్టు కనబడ్డారు. పోలిక గుంపు లేకపోతే ఆ పదిమందీ ఎవరో ఒక డాక్టరుగారి పేరుమీద అర్చనలు చేయిస్తూ ఉండేవారే. ఇంకో సంగతి, 36 వారాలు చాలలేదు, దాదాపు రెండేళ్ళు కావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ సిమెంటును ఒక నెలలో పన్నెండు సూదులు గీరేస్తాయని చెప్పడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

ఇదంతా మా ఇంట్లో వివరించబోతే మా తమ్ముడు ఒక్క మాటతో కొట్టేశాడు. "పోనీలే అక్కా, పనిచేయకపోతే పోయేదేముంది?" ఈ మాటలో చాలామంది మనసు ఉంది కాబట్టి దీనికి జవాబు చెప్పాలి. మొదటిది, పోయేది ఉంది. ఆ నెలంతా మావయ్య ఎముకల నొప్పులతో రాత్రులు నిద్రపోలేదు. తెల్లకణాలు నలభై వేలు దాటాయి. జీ-సీఎస్‌ఎఫ్ వాపును ఇంకా ఎగదోయవచ్చని జంతువుల్లో చూసినవారు ఉన్నారు. రెండోది డబ్బు. ఎకరం కౌలు మొత్తం ఆ థర్మకోల్ డబ్బాలోకి వెళ్ళింది. మూడోది నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోస్తుంది. మన దేశంలో మందుల పరీక్ష చేయాలంటే 2009 జూన్ నుంచి ముందుగా జాతీయ పట్టికలో నమోదు చేయాలి, నైతిక సంఘం ఒప్పుకోవాలి, రోగికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. అదే మందును మామూలు చీటీ మీద రాసిస్తే ఇవేవీ అక్కరలేదు. రెండు చోట్లా రోగి ప్రయోగంలోనే ఉన్నాడు. ఒకచోట ఆ ప్రయోగం నుంచి తరవాతి రోగికి ఒక అంకె మిగులుతుంది, రెండోచోట బిల్లు మిగులుతుంది. ఇలాంటి సూదులు వేయించుకున్న ఎందరో మావయ్యల రిపోర్టులు ఇంటింటా బీరువాల్లో పడి ఉన్నాయి. ఎందరు బాగుపడ్డారు, ఎందరు పోయారు, అందులో ఎందరు తాగుడు మానారు అన్న లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు.

కాబట్టి నేను ఈ ప్రొటీన్లను వద్దనడం లేదు. హెచ్‌జీఎఫ్ మీద నా పాత నమ్మకం ఇంకా పూర్తిగా చావలేదు. మచ్చకు పట్టిన అడ్డ ముడులను ముందు విప్పి, ఆ తరవాత పెరుగుదల సంకేతం ఇస్తే ఫలితం వేరుగా ఉంటుందేమోనన్న ఆలోచన నాకు సబబుగానే తోస్తుంది. తొందరపడితే ఏమవుతుందో కూడా హెచ్‌జీఎఫ్ కథలోనే ఉంది. కాలి రక్తనాళాలు మూసుకుపోయి మానని పుండ్లు పడ్డవారికి హెచ్‌జీఎఫ్ జన్యువును సూదిగా ఇచ్చే మందుకు జపాన్ 2019లో షరతులతో అనుమతి ఇచ్చింది. తరవాతి పెద్ద లెక్కల్లో ఆ లాభం నిలవక, 2024లో అది వెనక్కి పోయింది. అనుమతితోపాటు లెక్క చూపాలన్న షరతు పెట్టారు కనుక కనీసం అది వెనక్కి పోగలిగింది. మన దగ్గర వెనక్కి పోవడానికి మొదట ముందుకు వచ్చిన కాగితమే లేదు. సారాయి సిర్రోసిస్ రోగులు మనకు కొదవ లేదు. పది పెద్దాస్పత్రులు కలిసి, రోగులంతా తాగుడు మాని ఆరు నెలలు నిలకడగా ఉన్నాక, పరగడుపునే కొలిచి, చీటీ వేసి, రెండేళ్ళు వెంటబడి చూసే పరీక్ష ఒకటి చేస్తే ఐరోపావారి జవాబు మనకు సరిపోతుందో లేదో మనమే తేల్చుకోవచ్చు. ఆరు నెలలు ఆగడం ముఖ్యం. తాగుడు మానడం వల్ల రావలసిన మేలు ముందు వచ్చేయాలి, ఆ తరవాత మిగిలిన మచ్చ మీదే ప్రొటీన్ బలం తేలాలి.

మావయ్య ఇప్పుడు బాగానే ఉన్నాడు. పొద్దున్నే చెరువు గట్టు మీద రెండు మైళ్ళు నడుస్తాడు. అన్నవాహికలో ఉబ్బిన నాళాలను బిగించి కట్టే బ్యాండింగ్ మూడుసార్లు చేశారు, ఆరు నెలలకోసారి క్యాన్సర్ కోసం స్కానింగ్ చేయించుకుంటాడు. ఊళ్ళో ఎవరికి పొట్ట ఉబ్బినా ఆయన దగ్గరకే వస్తారు. ఆయన అందరికీ ఆ సూది పేరే చెబుతాడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు రైసు మిల్లులో పనిచేసే ఒకాయన, నలభై ఏళ్ళు ఉంటాయేమో, కళ్ళు పసుపుగా ఉన్నాయి, భార్యను వెంటబెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. సూది ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో రాసి ఇమ్మని మావయ్యను అడుగుతున్నాడు. మావయ్య కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు. నేను కుర్చీ లాక్కొని ఆయన ఎదురుగా కూర్చొని, చివరిసారి ఎప్పుడు తాగారండీ అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు. "రాత్రేనండీ" అని భార్య చెప్పింది.